కాలికి కట్టిన అంచు

లిండెన్‌బాఖ్, జర్మనీ
సెప్టెంబరు 2024

మల్లక్కా,

ఇది క్షేమ సమాచారాల ఉత్తరం కాదు. కోపంతో రాస్తున్నాను, నువ్వూ అట్లాగే చదువు.

నిన్న ఎమ్మిగనూరు ఇంటికి వీడియోకాల్ చేశాను. నువ్వు ఆదోనిలో ఉన్నావు కాబట్టి వినలేదు. నాయన ఫోను తీసుకెళ్లి చిన్నత్త చేతిలో పెట్టాడు. ఆమె నా ముఖం చూసిందో లేదో, "ఏమే నందినీ, ఇంట్లో తమ్ముడు ఉచ్చ పోసుకుంటే ముక్కు మూసుకుంటాంటివి, ఆడ తెల్లోళ్ల ముడ్లు కడుగుతాండావంటనే!" అంది. వెనకాల ఎవరెవరో నవ్వారు. అమ్మ నవ్వలేదు, కాదని కూడా అనలేదు. నాయన దగ్గాడు. మన ఇంట్లో దగ్గు కూడా ఒక మాటే కదా.

తమ్ముడు మారుతి చాకిరీ తప్పించుకోవడానికి వచ్చానని నాయన లెక్క. ఎవరినో ప్రేమించి వచ్చానని అమ్మ అనుమానం. డబ్బుకోసం అని సుధాకర్ బావ ఊరంతా చెప్తున్నాడట. డబ్బా? ఏడాది స్వచ్ఛంద సేవ అంటే ఒక గది, తిండి, చేతిఖర్చు. మీ జిన్నింగ్ మిల్లులో పత్తి ఎత్తిపోసే ఆడవాళ్లు నాకంటే ఎక్కువ దాచుకుంటారని బావకు చెప్పు.

ఎందుకొచ్చావని నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా గోడ. బీఎస్సీ చదివేటప్పుడు ఆదోని బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే జొన్నచేలు, పత్తిచేలు, మళ్లీ సాయంత్రానికి అదే గోడ. ఇంకేదైనా చూడాలనిపించింది. అంతే. అందులో మారుతి లేడు. వాడు ఉన్నాడని విమానం ఎక్కలేదు, వాడు ఉన్నాడని దిగనూ లేదు.

ఇక్కడ చూశాను. అది కూడా చెప్తాను. కొండవాలు మీద నాలుగు ఇళ్లు. ఒక్కో ఇంట్లో ఎనిమిది మంది. మాట రానివాళ్లు, నడవలేనివాళ్లు, మూర్ఛలున్నవాళ్లు, యాభై ఏళ్లొచ్చినా బొమ్మను వదలనివాళ్లు. ఒక్కొక్కరికీ ఒక గది, తలుపు మీద పేరు, ఆ గది తాళంచెవి వాళ్ల చేతికే. యోనాస్ అని ఒకడున్నాడు. ముప్పై దాటాయి, మాటలు రావు. మెడలో దారానికి తాళంచెవి వేసుకుని, పలకరిస్తే ముందు దాన్ని చూపిస్తాడు. మన మారుతి పొద్దున్నే కండె చూపించినట్టు. దారం చుట్టిన ఆ చిన్న కండెను ఎంత గర్వంగా చూపిస్తాడో గుర్తుందా?

వీడియోకాల్‌లో అందరూ తలలు దూరుస్తారు. అందుకే ఉత్తరం. జవాబు రాయి, ఆలస్యమైనా పర్వాలేదు.

నందిని


ఆదోని
అక్టోబరు

నందినికి, నీ అక్క రాసేది.

నీ ఉత్తరం చేతికొచ్చేతలికి మూడు వారాలు పట్టింది. పోస్టుమ్యాన్ స్టాంపు చూసి "ఎవరమ్మా మీవాళ్లు, అమెరికానా?" అన్నాడు. జర్మనీ అంటే నమ్మలేదు. స్టాంపు చింపి ఇమ్మన్నాడు, వాళ్ల పాపకంట. ఇచ్చినా.

నీకు కోపమొస్తే నాకు రాదా? చిన్నత్త నోరు మనకు తెలిసిందే, చేదబావికి మూత పెట్టొచ్చు, దానికి పెట్టలేము. ఆ మాట వదిలెయ్యి. నువ్వు పోయినప్పటి నుంచి ఇంట్లో ఎట్లుందో నీకెవరూ చెప్పలేదు, నేను చెప్తా.

నాయనకు కండ్లు మబ్బు కమ్మినాయి. పోగు తెగితే కనపడేది లేదు, వేలితో తడుముకోని అతుకుతాండాడు. అమ్మ మోకాళ్లు నీకు తెలుసు. మారుతి మాత్రం గట్టిగా ఎదిగినాడప్పా. ఇంతెత్తు ఉండాడు ఇప్పుడు. మొన్న మంత్రాలయం రోడ్డులో ట్రాక్టరు చప్పుడు వినపడితే దాని వెంట పరిగెత్తినాడు. నాగన్న టీ అంగడి కాడ పట్టుకున్నారు ఎవరో. ఆ రోజు నుంచి నాయన పొద్దున మగ్గమెక్కేటప్పుడే వాడి కాలికి పంచె అంచు చించి మగ్గం గుంజకు కడతాండాడు, ఎప్పుడూ కట్టినట్టే. ఇంతకు ముందు అప్పుడప్పుడు మరిచిపోయేవాడు, ఇప్పుడు మరిచిపోడు. వాడు బాగానే కూచుంటాడు. కండెలు అందిస్తాడు, బొరుగులు పెడితే తింటాడు.

నాయన కండ్లు చూపించుకునేకి ఆదోనికి వచ్చినాడు. కండ్లలో మందు వేసినారు, ఏమీ కనపడక మా ఇంట్లో మంచం మీద పండుకోని ఉండె. ఊరికే ఉండలేక "దాని ఉత్తరం ఏమన్నా వచ్చిందా?" అన్నాడు. చిన్నత్త సంగతి దాటేసి తక్కింది చదివినా. విని, మళ్లా చదవమన్నాడు. మళ్లా చదివినా. తర్వాత అడిగినాడు: "తాళంచెవి వాళ్ల చేతికే ఇస్తారంటనా?" ఇస్తారంట నాయనా అన్నా. "ఆడ కొడతారేమో అడుగు. వేళకు తిండి పెడతారా అడుగు. ఆడికి పోయినోళ్లు ఇంటోళ్లను మర్చిపోతారేమో, అది కూడా అడుగు" అన్నాడు.

అందుకని అడుగుతాండా. నాయన అడిగినాడని రాయొద్దన్నాడు, నేను రాస్తాండా.

చలికి మంచి స్వెట్టరు కొనుక్కో. బావ ఏమీ అనలేదు, ఊరోళ్లు కల్పిస్తారు.

మల్లేశ్వరి


లిండెన్‌బాఖ్
నవంబరు

అక్కా,

నాయన అడిగాడా! నిజంగా? నేను ఇంటర్లో ఏ గ్రూపు తీసుకున్నానో కూడా అడగని మనిషి. నా పని గురించి ఆయన ఒక్క ప్రశ్న వేయడం ఇదే మొదలు. ఉత్తరం చదివి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. బయట ఆకులన్నీ రాలిపోయి చెట్లు చీపుర్లలాగా ఉన్నాయి, అయినా బాగున్నాయి అనిపించింది.

సరే, నాయనకు చెప్పు. ఇక్కడ కొట్టరు. గట్టిగా మాట్లాడితేనే మీటింగు పెడతారు. తిండి వేళకు పెడతారు, ఎవరికి ఏది ఇష్టమో అడిగి వండుతారు. పుట్టినరోజుకు కేకు, కొవ్వొత్తి. ఒకామెకు కొవ్వొత్తి అంటే భయమని ఆమె కేకు మీద పువ్వు పెడతారు. ఇంటివాళ్లను మర్చిపోరు. యోనాస్ గదిలో వాళ్లమ్మ ఫోటో ఉంది. రోజూ దాన్ని తుడుస్తాడు.

ఒక మాట చెప్పనా, ఇక్కడికొచ్చాక నాకు అనిపించింది. ఇంట్లో ఉంటే వీళ్లు ఎప్పటికీ ఒకరి మీద భారం. ఇట్లాంటి హోంలో ఉంటేనే మనిషి మనిషిలాగా ఉంటాడు. కన్నవాళ్లు చేయలేనిది వీళ్లు చేస్తున్నారు. నాయన నమ్మకపోతే ఫోటోలు పంపిస్తాను.

నవ్వే సంగతి ఒకటి. నన్ను ఏ పనిలో వేశారో తెలుసా? నేత పనిలో! వీళ్లకు ఒక నేతశాల ఉంది. పెద్ద పెద్ద చెక్క మగ్గాలు, గుంట ఉండదు, బెంచీ మీద కూర్చుని నేస్తారు. యోనాస్‌తో, ఇంకా అయిదుగురితో రంగురంగుల గుడ్డపీలికల తివాచీలు నేయించాలి. నేతశాల చూసుకునే బ్రిగిట్ అనే ఆమె పోగును అటూ ఇటూ విసిరే నాడె నా చేతిలో పెట్టి, ఇట్లా పట్టుకోవాలి అని చూపించబోయింది. నేను ఒక్కసారి విసిరేసరికి నోరు తెరిచింది. మగ్గం నుంచి పారిపోయినదాన్ని నాలుగు సముద్రాలు దాటించి మళ్లీ మగ్గం ముందే కూర్చోబెట్టారు. నాయనకు ఇది చెప్పు, నవ్వుతాడు.

మారుతి ఫోటో ఒకటి పంపించు.

నందిని


ఆదోని
డిసెంబరు

నందినీ,

ఉత్తరం అందింది. నాయనకు చదివినా. నవ్వలేదు.

మారుతి బాగుండాడు. ఫోటో తర్వాత పంపిస్తా, నా ఫోను కెమెరా సరిగా లేదు.

ఇంట్లో రెండో మగ్గం గుంట మీద, నువ్వు కూచునేది, నాయన పలకలు పరిచినాడు. దాని మీద గ్యాసు సిలిండరు పెట్టినారు. అమ్మకు ఒంట్లో బాగలేదు, ఎక్కువ మాట్లాడదు. ఊరికే ఫోను చేసి ఆమెను అదీ ఇదీ అడగొద్దు. ఈడ కూడా చలి బాగానే ఉంది.

హోం గురించి ఇంక వివరంగా రాయొద్దులే. ఎన్నిసార్లు వింటాము.

నీ అక్క


లిండెన్‌బాఖ్
జనవరి 2025

అక్కా,

నీ పోయిన ఉత్తరం ఉత్తరంలా లేదు. తాళం పడిన తలుపులా ఉంది. సరే, నీ కారణాలు నీకుంటాయి. నాకు జరిగింది నేను చెప్పాలి, చెప్పడానికి ఇక్కడ ఎవరూ లేరు.

పదిరోజుల కింద బ్రిగిట్ వేరే ఇంట్లో ఒకరిని పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. నాతో పనిచేసే కుర్రవాడికి జ్వరం. నేతశాలలో ఆరుగురు, నేనొక్కదాన్ని. హన్నా అనే అమ్మాయికి ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి బెంచీకీ మగ్గానికీ మధ్యలో పడిపోయింది. తల చెక్కకు కొట్టుకుంటోంది. అదే క్షణాన కింద రైలు కూత వినిపించింది. రైలంటే యోనాస్‌కు ప్రాణం. వాడు లేచి తలుపు వైపు పోతున్నాడు. ఆ తలుపు దాటితే వాలు, వాలు కింద పట్టాలు.

నేను ఆలోచించలేదక్కా. నాకంటే ముందు నా చేతులకు తెలిసింది. నేల మీద తివాచీ అంచు పీలిక పడి ఉంది. తీసుకుని వాడి చీలమండకు ఒక చుట్టు, మగ్గం కాలికి ఒక చుట్టు, మన ఇంటి ముడి వేశాను. లాగితే బిగుస్తుంది, బొటనవేలితో ఒక చోట నొక్కితే వీడుతుంది, అదే. అప్పుడు హన్నా దగ్గర కూర్చుని పక్కకు తిప్పి తల పట్టుకున్నాను. ఆ పిల్ల క్షేమం. యోనాస్ కూడా కొంచెం సేపు లాగి, కూర్చున్నాడు.

బ్రిగిట్ వచ్చింది. హన్నాను చూసి నా భుజం తట్టింది. తర్వాత యోనాస్ కాలు చూసింది. ఆమె ముఖం నేను మర్చిపోలేను. వంగి ముడి విప్పబోయింది, రాలేదు. నేనే విప్పాను.

మీటింగు పెట్టారు. ముగ్గురు, నేను. టీ, బిస్కెట్లు. ఒక్కరూ గొంతు పెంచలేదు, అరిచి ఉంటే బాగుండేది. "ఇంత పనితనమున్న ముడి ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగారు. మా ఇంట్లో అన్నాను. తమ్ముడికి అట్లాగే కడతాం అన్నాను. "ఎంతసేపు?" మగ్గం ఆడినంతసేపు. "ఎప్పటినుంచి?" వాడికి నడక వచ్చినప్పటినుంచి.

నాకు వచ్చిన జర్మన్‌లో మెత్తటి మాటలు లేవు. కాలికి కాస్త అంచు తగిలిస్తాం అని చెప్పడం రాదు. కట్టేయడం అన్న ఒక్క మాటే వచ్చు, ఈ ఊళ్లో అంగడి ముందు కుక్కను కట్టేసినప్పుడు అనే మాట. ఆ మాటతోనే చెప్పాను, తమ్ముణ్ణి కట్టేస్తాం అని. నా నోటితో నేను విన్నాను. వాళ్లు ఒకరినొకరు చూసుకుని, నా కప్పులో ఇంకొంచెం టీ పోశారు.

నన్ను పంపించేయలేదు. ఆపదలో చేశానని ఒప్పుకున్నారు, మళ్లీ చేయనని సంతకం తీసుకున్నారు. కానీ నాకు నిద్ర లేదక్కా. మారుతి కాలు కనిపిస్తోంది. చీలమండ దగ్గర ఆ నున్నటి నల్లటి చార. పుట్టుమచ్చ లాంటిదేమో అన్నట్టు చూశాం మనం అందరం.

విప్పండి. నాయనకు చెప్పు, ఇది నా మాటగా చెప్పు. తలుపుకు గొళ్లెం పెట్టండి, వీధి గుమ్మానికి అడ్డం కట్టండి, ఏమైనా చేయండి, వాడి కాలు మాత్రం విప్పండి. ఇంకో మాట. ఎప్పుడు ఫోను చేసినా మారుతి నిద్రపోతున్నాడు అంటుంది అమ్మ. పట్టపగలు నిద్రేమిటి? మగ్గం ఆడుతుంటే వాడు ఎన్నడూ నిద్రపోలేదు. నిజం చెప్పు.

నందిని

యోనాస్ వాళ్లమ్మ క్రిస్మస్‌కు వచ్చింది. ఫోటోలో కంటే ముసలిది. గంటసేపు కూర్చుంది, కోటు విప్పలేదు.


ఆదోని
ఫిబ్రవరి

నందినీ,

ఇప్పమంటాండావు. ఇప్పేకి ఆ ఇంట్లో కాలు యాడుంది?

మారుతి ఇంట్లో లేడు. కార్తీకం పోయినాక నాయన వాణ్ణి తీసుకొచ్చి ఆదోని బయట ఒక హోంలో వేసినాడు. ఫోనులో చెప్పేకి నాకు నోరు రాలేదు, నువ్వు కూడా ఇది చదివినాక ఫోను చెయ్యొద్దు. పూర్తిగా చదువు.

నీ రెండో ఉత్తరం ఉంది గదా, ఇంట్లో కంటే హోంలోనే మనిషి మనిషిలాగా ఉంటాడని రాసినావు. కన్నోళ్లు చేయలేనిది వాళ్లు చేస్తాండారని రాసినావు. ఆ మాట నాయన మూడు మార్లు చదివించుకున్నాడు. తాళంచెవి గురించి, తిండి గురించి అడిగింది నీ పని మీద ఇష్టంతోనని నువ్వు అనుకుంటివి. నేనూ అట్లే అనుకుంటి. ఆయన వాడి కోసం అడిగినాడు. "నేను పోతే వీణ్ణి ఎవరు చూస్తారు? నా కండ్లు పోతాండాయి. చదువుకున్నది, కండ్లారా చూసినది, అదే చెప్తాంది గదా" అన్నాడు. అమ్మ ఏడ్చింది. "నీ కూతురే రాసింది, నాతో ఏడుస్తావేమే" అన్నాడు.

చేర్పించిన రోజు నేనూ పోయినా. గేటు కాడ బోర్డు, పూలకుండీలు, పటాలు. ఆఫీసు గది బాగుండె. వాడికి కొత్త చొక్కా వేసింది అమ్మ. జేబులో కండె ఒకటి పెట్టింది. లోపలికి వద్దన్నారు, పిల్లోళ్లు బెదురుతారంట. అలవాటు పడేదాకా నెలరోజులు చూసేకి కూడా రావద్దన్నారు. నాయన అన్నీటికీ తల ఊపినాడు. "తాళంచెవి వాడి చేతికే ఇస్తారా సామీ?" అని అడిగినాడు. ఆ మనిషి నవ్వి "ఇస్తాంలే పెద్దాయనా" అన్నాడు.

నీలకంఠేశ్వర జాతర అయినాక నేను ఒక్కదాన్నే పోయినా. వడపప్పు, బెల్లం తీసుకోని. రావద్దన్నా కూచున్నా. సాయంత్రం వరకు కూచుంటే విసుక్కోని లోపలికి పంపినారు. వెనక పక్క ఒక రేకుల కొట్టం. ఇనుప కంచె తలుపు. ఎంతమంది ఉండారో లెక్క పెట్టలేదు, వాసనకు కండ్లు తిరిగినాయి. అందరికీ గుండు. మారుతిని నేను గుర్తు పట్టలేదు నందినీ. వాడే నన్ను చూసి చెయ్యి చాపినాడు, కండె అందించినట్టు. చేతిలో ఏమీ లేదు.

కాలికి గొలుసు. గోడకు కొక్కెం, గొలుసుకు తాళంకప్ప.

"ఎందుకు కట్టినారు?" అంటే, "నువ్వు చూసుకుంటావా, తీస్తాం" అనింది ఆడ చూసుకునే ఆయమ్మ. ఆమెను ఏమనాలా? ఆమె ఒక్కతే, లోపల అంతమంది.

ఇప్పుడు చెప్పేది విను. వాడు నేను ఉన్నంతసేపు ఏం చేస్తాండె తెలుసా? ఆ తాళంకప్ప మీద బొటనవేలు పెట్టి నొక్కుతాండె. నొక్కేది, నన్ను చూసేది. మళ్లా నొక్కేది. వేలు పగిలి రక్తం కారి ఎండి ఉంది.

ఎమ్మిగనూరుకు పోయి అమ్మకు చెప్పినా. అమ్మ గోడకు తల ఆనించి అప్పుడు చెప్పింది. వాడికి మన ముడి ఇప్పుకునేది వచ్చంట. శానా ఏండ్ల నుంచి. మధ్యాహ్నం నాయన బువ్వ తిని నడుము వాల్చినప్పుడు, వాడు వేలితో నొక్కి ముడి ఇప్పుకోని, పెరట్లోకి పోయి, కుండలో నీళ్లు తాగి, మళ్లా వచ్చి మగ్గం కాడ కూచోని కాలు చాపేవాడంట, కట్టమని. అమ్మ కట్టేదంట. నాయనకు చెప్తే ఇంకో ముడి వేస్తాడని చెప్పలేదంట. ట్రాక్టరు వెంట పరిగెత్తినాడే, ఆ రోజు నాయన కట్టేది మరిచిపోయినాడు. కట్టిన రోజు వాడు ఎన్నడూ వీధిలోకి పోలేదంట నందినీ.

తీసుకొద్దామంటే నాయన వినడు. "నేను గుడ్డోణ్ణి అయితాండా, ఆమె మోకాళ్లు చూస్తివి. తెచ్చి ఏం చేసేది? ఆ పెద్ద చదువులది వచ్చి చూస్తానంటే రేపే తెస్తా" అంటాడు. మా ఇంట్లో పెట్టుకుంటానని మీ బావను అడిగినా. అన్నం కంచం ముందర నుంచి లేచిపోయినాడు. నాకు ఇద్దరు ఆడపిల్లలు, నేను ఇంకేమీ చెయ్యలేను. ఆదివారం ఆదివారం పోతాండా. కంచె బయట నుంచి చూసి వస్తాండా.

నిన్ను రమ్మని రాయలేదు ఇది. వద్దనీ రాయలేదు. నిజం చెప్పమంటివి, చెప్పినా.

మల్లేశ్వరి


లిండెన్‌బాఖ్
మార్చి

అక్కా,

ఈ ఉత్తరం నాయనకు చదివి వినిపించు. దాటేయకుండా చదువు. రెండుసార్లు చదువు, ఆయనకు అది అలవాటే.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేతశాలకు వెళ్లాను. తలుపు దగ్గర నిలబడి చూశాను. యోనాస్ లేచాడు, బ్రిగిట్ అతని పక్కకు వెళ్లింది. యోనాస్ కూర్చున్నాడు, ఆమె కూర్చుంది. ఇంకొకరు లేచారు, నాతో పనిచేసే ఆ కుర్రవాడు లేచాడు. పొద్దుగూకే దాకా అంతే. ఇక్కడివాళ్ల కాళ్లకు గుడ్డ లేకపోవడానికి కారణం మంచితనం అనుకున్నాను నేను. మంచితనం కూడా ఉంది. కానీ ఆ గుడ్డ చేసే పని ఇక్కడ ముగ్గురు మనుషులు చేస్తున్నారు. ఆ ముగ్గురు మనకెక్కడ? ఇది నేను నవంబరులో రాయాల్సిన మాట. అప్పటికి నాకు కనిపించలేదు, పువ్వు పెట్టిన కేకు కనిపించింది.

నాయనా, మీరు నా ఉత్తరాన్ని తప్పుగా చదివారు. మీ ప్రశ్నలను నేను తప్పుగా చదివాను. మారుతి మాత్రం ఆ తాళంకప్ప దగ్గర తనకు తెలిసినదే చేస్తున్నాడు.

ఇక్కడ మూడేళ్ల శిక్షణ ఇస్తామన్నారు. ఇట్లాంటివాళ్లను చూసుకోవడంలో చదువు, జీతం, తర్వాత ఉద్యోగం. బ్రిగిట్ తానే నా పేరు రాసింది, ముడి సంగతి తెలిసి కూడా. నాకు ఆ చదువు కావాలి. ఈ ఊరు కావాలి. పొద్దున కిటికీ తీస్తే కనిపించే ఆ వాలు కావాలి. అయినా వచ్చేస్తున్నాను. ఇది త్యాగం అని ఎవరైనా అంటే, ముఖ్యంగా చిన్నత్త అంటే, నోరు మూయించు. దీన్ని కూడా తప్పుగా చదవొద్దు. పశ్చాత్తాపంతో రావడం లేదు, ప్రేమ పొంగి రావడం లేదు. వాడు బొటనవేలితో ఇనుమును నొక్కుతున్నాడు, అది తెలిసి నేను ఇక్కడ ఇంకొకడి చేతిలో నాడె పెట్టలేను. అంతే.

శిక్షణ వద్దని, ఏడాది సేవ కూడా మధ్యలోనే ఆపేస్తానని రాసిచ్చాను. ఏప్రిల్ రెండో వారంలో హైదరాబాదులో దిగి రాత్రి బస్సెక్కుతాను. ముందు ఎమ్మిగనూరుకు రాను, ఆదోనికి వస్తాను. ఆ రోజు నాయన ఆ హోం గేటు దగ్గర ఉండాలి. చేర్పించినప్పుడు సంతకం ఆయనదే కాబట్టి విడిపించడానికీ ఆయనదే కావాలి. కండ్లు కనపడకపోతే వేలు పట్టుకుని నేను పెట్టిస్తాను. ఆ వెనక కొట్టం దాకా ఆయన నాతో నడవాలి. కనిపించకపోయినా వాసన వస్తుంది.

రెండో మగ్గం గుంట మీద పలకలు తీయించు, సిలిండరు వంటింట్లోకి మార్పించు. ఆ మగ్గం మీద నేను కూర్చుంటాను. కండెలు వాడు అందిస్తాడు. నా పెళ్లి మాట, నా ఉద్యోగం మాట ఎవరూ ఎత్తొద్దు.

నేను ఇంట్లో మెలకువగా ఉన్నంతసేపు వాడి కాలు విడిగానే ఉంటుంది. బజారుకు పోయినప్పుడు, నీళ్లకు పోయినప్పుడు, నడుము వాల్చినప్పుడు వాడి కాలికి అంచు కడతాను. ఇక్కడ మళ్లీ చేయనని సంతకం పెట్టిన పనే చేస్తాను. ముడి నేనే వేస్తాను. మన ఇంటి ముడే, వాడికి విప్పుకోవడం వచ్చినది.

నందిని